పెద్దమ్మ తోమిన రివాల్వర్

మా చెల్లెలి మనవడు ప్రకాశ్ మస్కట్‌లో, అల్ ఖువైర్‌లోని ఒక బ్యాంకులో పనిచేస్తున్నాడు. మొన్న సెలవుకి వచ్చినప్పుడు నా మంచం మీద కూర్చుని ఫోనులో పాత రివాల్వర్ల బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి జరుపుతున్నాడు. వాళ్ళ పైఆఫీసరుకి వీటి పిచ్చి ఉందట, ఏది ఎంతకి అమ్ముడుపోయిందో వీడిచేత వెతికిస్తాడట. "అమ్మమ్మా, ఈ రెండూ ఒకే కాలానివి, ఒకే చోట తయారైనవి. కానీ దీని ధరలో మూడో వంతు కూడా దానికి లేదు. ఎందుకో చెప్పుకో చూద్దాం" అన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. ఒకటి నల్లగా ఉంది, రెండోది తళతళలాడుతోంది. "ఆ మెరిసేదాన్ని ఎవరో తోమేశారు" అన్నాను. వాడు ఫోను పక్కన పెట్టి నా మొహంలోకి చూశాడు. జీవితమంతా పురుళ్ళు పోసిన ముసలిదానికి ఈ సంగతి ఎలా తెలిసిందని అడిగాడు. నాకు చెప్పబుద్ధి కాలేదు. చెబితే నవ్వేవాడు, నవ్వితే నాకు కోపం వచ్చేది. తీరిగ్గా కూర్చుని ఇక్కడ రాస్తున్నాను.

నాకప్పుడు ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. నర్సింగు పాసై నర్సాపురంలో ఖాళీగా ఉంటే, మా అమ్మ అక్క శాంతమ్మ పెద్దమ్మ నన్ను ఒమన్‌కి రప్పించుకుంది. ఆమె సమాయిల్‌లో పురుళ్ళ సిస్టర్. మస్కట్ నుంచి జీపులో లోపలికి వెళితే రాళ్ళ కొండల మధ్య ఒక్కసారిగా ఖర్జూరపు తోటలు కనిపించే ఊరది. మా ఇల్లు తోటల అంచున, మట్టి గోడలతో, ఖర్జూరపు దూలాలతో ఉండేది. గోడ పక్కనే కొండల నుంచి వచ్చే నీళ్ళ కాలవ పారేది, దాన్ని అక్కడివాళ్ళు ఫలజ్ అంటారు. మా వంటింట్లోంచి ఎండుచేపల పులుసు వాసన, పక్కింట్లోంచి సాంబ్రాణి పొగ, ఎదురింటి డాబా మీద ఎండే నిమ్మకాయల వాసన, అన్నీ కలిసి మా ముంగిట్లో ఒక కొత్త వాసనగా తిరిగేవి. మొదటి నెల ముక్కు మూసుకుని తిరిగాను గానీ తర్వాత అది లేకపోతే నిద్ర పట్టేది కాదు.

అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మా ఆరాధన కూడా శుక్రవారానికే మారింది. ఆస్పత్రిలో ఉన్న కోస్తా నర్సులు, వాళ్ళ మనుషులు పొద్దున్నే మా ముందుగదిలో చాపల మీద కూర్చుని పాటలు పాడుకుని, ప్రార్థన చేసుకుని, పెద్దమ్మ వండిన కూరతో అన్నం తిని వెళ్ళేవాళ్ళు. అందుకని గురువారం మా ఇంట్లో తోముడు రోజు. బిందె, గంగాళం, చెంబులు, ప్రభువు బల్లకి వాడే గిన్నె, అన్నీ ఇత్తడివే. ఓడలో మోసుకొచ్చింది ఆవిడ. చింతపండు ఆ ఊళ్ళో దొరికేది కాదు. ఊరినుంచి వచ్చేవాళ్ళ పెట్టెల్లో తెప్పించుకుని, పులుసులోకి మాత్రం ఉసిరికాయంత తీసి మిగతాది దాచేది, ఇత్తడి దగ్గర చెయ్యి ఆపేది కాదు. పొయ్యిలో ఖర్జూరపు మట్టల బూడిద, చింతపండు, పీచు. ఈ మూడింటితో ఆవిడ తోమితే గంగాళంలో మన మొహం మనకే సిగ్గేసేంత స్పష్టంగా కనిపించేది. "ఇత్తడి నల్లబడిందంటే ఆ ఇల్లాలు నల్లబడినట్టేనే" అనేది నాతో. నేను తోమితే మళ్ళీ తోమేది.

పెదనాన్న పేరు ఏసుపాదం. పట్టాళంలో ఆయుధాలు బాగుచేసే షెడ్డులో పనిచేసి పింఛను తీసుకున్నాక, భార్య వెంట ఒమన్ వచ్చాడు. "అందరూ పెళ్ళాలని తెచ్చుకుంటారు, నన్ను మా ఆవిడ తెచ్చుకుంది" అని కొత్తవాళ్ళకి తనే చెప్పి నవ్వేవాడు. అక్కడ రోడ్డు వేసే కంపెనీ వర్క్‌షాపులో మెకానిక్కుగా చేరాడు. అయితే ఊళ్ళో ఆయనకి పేరొచ్చింది వేరే దానివల్ల. ఆ రోజుల్లో సమాయిల్‌లో ప్రతి ఇంట్లో గోడకి ఏదో ఒక తుపాకీ వేలాడేది. డబ్బు అవసరమై అమ్ముకుందామంటే దాని విలువ ఎంతో వాళ్ళకి తెలియదు. మస్కట్ నుంచి వచ్చే వర్తకులు తోచింది చెప్పేవాళ్ళు, కొత్తగా దిగిన తెల్లదొరలు తోచింది ఇచ్చేవాళ్ళు. ఏసుపాదం ఒక ధర చెబితే అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ ఒప్పుకునేవాళ్ళు. ఆయన ఎవరి దగ్గరా దమ్మిడీ తీసుకునేవాడు కాదు. ధర చెప్పేవాడు కూలి తీసుకుంటే ధర కూలివైపు వంగుతుందని ఆయన నమ్మకం.

నాకు ఆస్పత్రి ఆడవాళ్ళ వార్డులో అరబ్బీ త్వరగా పట్టుబడింది. అందుకని ఆయన తుపాకీ చూసేటప్పుడు మాట మార్చి చెప్పడానికి నేను పక్కన కూర్చునేదాన్ని. ముందు కథ విననిచ్చేవాడు కాదు. "మా తాత దీనితో ఫలానావాణ్ణి కాల్చాడు" అని మొదలుపెడితే చెయ్యెత్తి ఆపేవాడు. "కథ తర్వాత చెప్పమను రూతూ. కథ విన్నాక కళ్ళు సరిగా పనిచేయవు" అనేవాడు నాతో. ముందు వాసన చూసేవాడు. చట్రం మీద, గొట్టం మీద, తూటాల చక్రం మీద కొట్టిన అంకెలు ఒకటేనా అని భూతద్దంతో చూసేవాడు, ఏది వేరైనా అది అతుకుల బొంతేనని. తూటాని కొట్టే ఘోడా వెనక్కి లాగి చక్రం కదులుతోందా అని బొటనవేలితో పట్టి చూసేవాడు. గొట్టంలోకి తెల్లకాగితం పెట్టి వెలుతురు పంపి లోపలి గీతలు చూసేవాడు. మరమేకుల తలలు చూస్తే ఎంతమంది తెలియని చేతులు పడ్డాయో తెలుస్తుందట. చివరికి రంగు. ఉక్కు మీద తయారైననాడు వేసిన నీలిపూత ఎంత మిగిలిందన్నది. "సగానికి పైగా ధర రంగులోనే ఉంటాదే" అనేవాడు. సెలవు రోజుల్లో మస్కట్ పక్కనున్న మత్రా బజారుకి పోయి పాతసామాన్ల కొట్లలో టీ తాగుతూ ఏది ఎంతకి పోయిందో కనుక్కునేవాడు. అడిగిన ధర చెబితే చెవిన పెట్టేవాడు కాదు, అమ్ముడుపోయిన ధరే ఆయనకి కావాలి.

జువైనా మా వీధి చివరి తోట ఆవిడ. భర్త పోయాడు. ఆయన కుర్రతనంలో జాంజిబార్‌లో సుల్తాను కాపలాదళంలో పనిచేసి ఇంటికొచ్చినవాడట. ఆవిడ కూతురికి బిడ్డ అడ్డం తిరిగితే పెద్దమ్మే పురుడు పోసింది. అప్పటినుంచి రెండిళ్ళకీ రాకపోకలు. ఆ వేసవికి ముందు ఆవిడకో కష్టం వచ్చిపడింది. అక్కడ తోట ఉంటే చాలదు, ఫలజ్ నీళ్ళలో వంతు ఉండాలి. ఆవిడ వంతు మసీదుది. ఏడాదికోసారి శుక్రవారం నమాజు తర్వాత వేలం వేస్తారు, ఎవరు ఎక్కువ పాడితే ఏడాదంతా ఆ నీళ్ళు వాళ్ళవి. భర్త ఉన్నన్నాళ్ళూ ఆయనే పాడేవాడు. ఈసారి మరిది ఆ నీళ్ళ మీద కన్నేశాడు. నీళ్ళు పోతే చెట్లు ఎండుతాయి, ఎండిన తోటని ఏదో ఒక ధరకి తనకే అమ్మాల్సి వస్తుందని అతని లెక్క. జువైనా దగ్గర అమ్ముకోవడానికి ఉన్నది భర్త రివాల్వర్ ఒక్కటే. వేలానికి రెండు రోజుల ముందు, బుధవారం మధ్యాహ్నం, దాన్ని నల్లబట్ట కింద దాచుకుని మా ఇంటికి తెచ్చింది.

మేకతోలు సంచిలోంచి తీస్తే గొర్రెకొవ్వు కంపు గుప్పుమంది. పైనుంచి కింది దాకా నల్లటి జిడ్డు. పెదనాన్న ఒక మూల గుడ్డతో మెల్లగా అద్ది చూసి, భూతద్దం దగ్గరికి తెచ్చుకున్నాడు. ఆ జిడ్డు కింద పూత చెక్కుచెదరలేదు. నెమలి మెడలాంటి నీలం. అంకెలన్నీ ఒకటే. గొట్టం పక్కన అరబ్బీ అక్షరాలు చెక్కి ఉన్నాయి, దళం గుర్తు. పిడి అడుగున మాత్రం ఒక పెచ్చు లేచిపోయి ఉంది. "దేనికో కొట్టారు దీన్ని, దానికి కొంత తగ్గుద్ది" అన్నాడు. ఆ తర్వాత చెప్పిన ధర నా ఆర్నెల్ల జీతం కన్నా ఎక్కువ. నేను అరబ్బీలో చెప్పేటప్పుడు నా గొంతే నాకు కొత్తగా వినిపించింది. జువైనా మొహం మీద ముసుగు ఉంది గానీ కళ్ళు కనిపించాయి. "నీళ్ళు నావే" అంది మెల్లగా.

కొనేవాడు కూడా సిద్ధంగా ఉన్నాడు. పెదనాన్న కంపెనీలో పెద్ద ఇంజనీరు దొర. ఇలాంటివి సేకరిస్తాడు, ఏసుపాదం చెప్పిన ధరకి ఎప్పుడూ మారుమాట్లాడడు. గురువారం మధ్యాహ్నం వస్తానని కబురు పంపాడు. ఇంటికి తీసుకెళితే మరిది లాక్కుంటాడని జువైనా భయపడింది. "ఒక్కరోజు మీ ఇంట్లో ఉంచండి" అంది. పెదనాన్నకి చెమటలు పట్టాయి. దక్షిణాన కొండల్లో యుద్ధం జరుగుతున్న రోజులవి. ఊళ్ళోవాడి గోడకి తుపాకీ ఉంటే మర్యాద, మాలాంటి పరదేశి ఇంట్లో ఉంటే తర్వాతి విమానంలో ఇండియానే. కానీ కాదనలేకపోయాడు. ఎవరూ చూడని చోటు అని వెతికి వెతికి వంటింటి మూల గంగాళంలో పెట్టి పైన పళ్ళెం బోర్లించాడు. పెద్దమ్మ అప్పుడు డ్యూటీలో ఉంది. ఆవిడ వచ్చాక తుపాకీ ఎక్కడుందో చెప్పాడు గానీ, రంగు సంగతి చెప్పాలన్న ఆలోచన ఆయనకి రాలేదు. మర్నాడు గురువారం అన్న సంగతీ తట్టలేదు. గురువారం గంగాళం ఏమవుతుందో మా ఇంట్లో పిల్లికి కూడా తెలుసు.

మర్నాడు పొద్దుటి డ్యూటీ ముగించుకుని నేను ఇంటికొచ్చేసరికి పెరట్లో చాప మీద సామాను బోర్లించి ఉంది. బిందె, గంగాళం, చెంబులు, గిన్నె, వాటి పక్కన తెల్లటి తువ్వాలు పరిచి దాని మీద రివాల్వర్. ఎండలో అది వెండిలా మెరుస్తోంది. పెద్దమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి గర్వంగా నిలబడింది. "చూశావా? పొద్దుట్నుంచి చింతపండులో నానేస్తే గానీ వదల్లేదు ఆ మకిలి. పాపం, తెలీక ఆవిడ అలాగే వదిలేసింది. అమ్మకానికి పెట్టేది మురికిగా పెడతామా? పెళ్ళిచూపులికి పిల్లని జిడ్డుమొహంతో కూర్చోబెడతామేంటి?" అంది. ఆవిడ నా మొహం చూసి, "ఏమే, బాలేదా?" అని అడిగింది. చెప్పాల్సింది నేను కాదనిపించింది. "పెదనాన్న రానీ" అన్నాను.

ఆయన గురువారం ఒంటిపూట పనే చేసి వచ్చేవాడు. సైకిల్ గోడకి ఆనించి, టోపీ తీసి, పెరట్లోకి చూశాడు. తర్వాత చాప అంచున కూర్చుని రివాల్వర్‌ని తువ్వాలుతో సహా ఒళ్ళోకి తీసుకున్నాడు. "ఎంత పని చేశావు శాంతా" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. పెద్దమ్మకి అర్థమయ్యేలా చెప్పడానికి ఆయనకి రెండు మాటలే పట్టాయి. ఆవిడ ముందు నమ్మలేదు, మురికికి ధర ఏంటని వాదించింది. వాదిస్తూ వాదిస్తూ మధ్యలో ఆగిపోయింది. ఎత్తుగా, దబ్బపండు రంగులో ఉండే మనిషి, గడపమీద కూర్చుండిపోయింది. కాసేపటికి తేరుకుని, "మీరు మళ్ళీ ఆ రంగు వెయ్యగలరు కదండీ. పట్టాళంలో వేసేవాడినని చెప్పేవారు కదా. వేడిచేసి నూనెలో ముంచితే సరి అనేవారు. వర్క్‌షాప్‌కి తీసుకెళ్ళండి" అంది. ఆయన తువ్వాలు అంచు లాగి రివాల్వర్ మీద కప్పాడు. ఆవిడ ఆయన మోకాలు పట్టుకుంది. "రేపు వేలం అండీ. ఆవిడ తోట ఎండిపోద్ది."

ఆయన ఏం చెప్పేవాడో గానీ ఈలోపు జువైనా వచ్చేసింది, చేతిలో కాఫీ కూజా, హల్వా గిన్నెతో. అమ్మకం జరిగే రోజు కదా, మర్యాద. ముందుగదిలో కూర్చుంది. పెదనాన్న తుపాకీ తెచ్చి ఆమె ముందు పెట్టి, "జరిగింది జరిగినట్టు చెప్పు రూతూ, ఏదీ దాచకు" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే ఆమె, "ఇది ఎవరిది?" అంది. మీదే అన్నాను. "నాది కాదు. నాది నల్లనిది. నేను నిన్న ఇచ్చింది ఎక్కడ?" నేను చింతపండు, బూడిద, పీచు అని ఏదేదో చెబుతున్నాను. ఆ మాటలకి నాకు తెలిసిన అరబ్బీ చాలడం లేదు, చాలినా అంత వింత కథ ఎవరు నమ్ముతారు? ఆమె లేచి నిలబడింది. "నేను మీ ఇంట్లో ఉప్పు తిన్నాను. మీరు నా తుపాకీ మార్చేశారు. వాలీ దగ్గరికి వెళతాను" అంది. వాలీ అంటే ఆ ఊరి పాలకుడు. పరదేశులు, పైగా వేరే మతంవాళ్ళు, ఇంట్లో తుపాకీ, ఒక విధవరాలి ఫిర్యాదు. అంత భయం నాకు మళ్ళీ జీవితంలో కలగలేదు.

పెదనాన్న అంకెలు చూపించబోయాడు. ఆమెకి చదవడం రాదు, ఆ అంకెలు ఎప్పుడూ చూసిందీ లేదు. అప్పుడు ఆయన తుపాకీ తిప్పి, పిడిని ఆమె వైపు పెట్టి, "కళ్ళతో కాదు, చేత్తో చూడమను" అన్నాడు. జువైనా నమ్మకం లేకుండానే పిడి పట్టుకుంది. ఆమె బొటనవేలు అడుగున లేచిపోయిన పెచ్చు దగ్గరికి దానంతట అదే వెళ్ళి ఆగింది. అక్కడే రెండుసార్లు తడిమింది. తర్వాత కూర్చుంది. ముసుగు వెనకనుంచి ఏదో శబ్దం వస్తే ఏడుస్తోందనుకున్నాను, నవ్వుతోంది. పెళ్ళయిన కొత్తలో ఇంట్లో రోలు లేక, భర్త నమాజుకి వెళ్ళినప్పుడు కాఫీలోకి యాలకులు ఆ పిడితో దంచేదట. పెచ్చు లేచిన రోజు ఆయన పండగ దాకా ఆమెతో మాట్లాడలేదట. నేను తెలుగులో చెబితే పెద్దమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇద్దరాడవాళ్ళు, రెండు వంటిళ్ళు, ఒక తుపాకీ. ఆ క్షణం జువైనా లేచి పెద్దమ్మ పక్కన కూర్చుంది. కానీ నవ్వితే నీళ్ళు రావు. బయట జీపు ఆగిన శబ్దం వినిపించింది.

దొర లోపలికి వచ్చేసరికి పెదనాన్న గుమ్మంలోనే ఎదురెళ్ళి, తుపాకీ చూపించకముందే, నిన్న చెప్పిన ధర ఇవాళ లేదని ఇద్దరికీ వచ్చిన హిందీలో చెప్పాడు. దొర దాన్ని తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి తిప్పి తిప్పి చూశాడు. మంచి మనిషే, మమ్మల్ని ఎగతాళి చెయ్యలేదు. కాసేపు ఆలోచించి, "పాడమ్, నువ్వు రంగు వెయ్యగలవు. నీ చేతిపని నాకు తెలుసు. రెండు రోజుల్లో వేసి ఇవ్వు, ఇది అసలు రంగే అని నీ సంతకంతో ఒక ముక్క రాసివ్వు. నిన్నటి ధర ఇవాళే ఇచ్చేస్తాను. మా దేశంలో కొనేవాడికి తేడా తెలియదు" అన్నాడు. ఏసుపాదం అనడం ఆయనకి రాదు, పాడమ్ అనేవాడు. ఆపైన మామూలుగా, బయటి ఎండ గురించి మాట్లాడినట్టు, "నీ కాంట్రాక్టు కాగితం కూడా నా బల్ల మీదే ఉంది, నెలాఖరుకి అయిపోతుంది" అన్నాడు.

కాలవలో నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. పెద్దమ్మ భర్త వైపు చూస్తున్న చూపు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. ఒప్పుకోండి అని దేవుణ్ణి అడిగినట్టు అడుగుతోంది ఆ చూపు. పెదనాన్న నా వైపు తిరిగాడు. "దొర అన్నదంతా ఆవిడకి చెప్పు. తుపాకీ ఆవిడది. ఇంకెవరి చేతైనా రంగు వేయించుకుని అమ్ముకునే హక్కు ఆవిడకుంది, నేను తప్పు పట్టను. కానీ నేను వెయ్యను. వేసినదాన్ని అసలుదని రాయను. ఒక్కసారి రాస్తే ఈ ఊళ్ళో నేను కట్టిన ధరలన్నీ అబద్ధమైపోతాయి" అన్నాడు. నేను చెప్పాను. చెబుతున్నంతసేపూ లోపల ఆయన మీద మండిపడుతున్నాను. ఎక్కడో సముద్రాల అవతల, మొహం తెలియని డబ్బున్నవాడొకడు మోసపోతే ఏమవుతుంది? ఇక్కడ మా కళ్ళముందు ఉన్న మనిషి తోట పోతుంది, ఆయన ఉద్యోగం పోతుంది.

జువైనా అంతా విని, "ఏసుపాదం చెప్పిన ధరకి అమ్ముతానని నేను మాటిచ్చాను. ఇవాళ్టి ధర ఏమిటో చెప్పమను" అంది. పెదనాన్న కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని, మొదటిసారి చూస్తున్నట్టు మళ్ళీ మొదలుపెట్టాడు. వాసన, అంకెలు, ఘోడా, చక్రం, గొట్టంలో తెల్లకాగితం. ఒక్కటీ వదల్లేదు. దొర సిగరెట్టు వెలిగించి ఆర్పేశాడు. చివరికి పెదనాన్న చెప్పిన ధర నిన్నటిదాంట్లో మూడో వంతు. ఒక్క రియాలు ఎక్కువ చెప్పినా దొర ఇచ్చేవాడేమో, ఆ క్షణంలో దొరక్కూడా సిగ్గుగానే ఉంది. దొర డబ్బు బల్ల మీద పెట్టి, తుపాకీ తీసుకుని, కాఫీ తాగకుండా వెళ్ళిపోయాడు. జీపు చప్పుడు దూరమయ్యాక పెద్దమ్మ, "మీ మాట నిలబడింది, ఆవిడ తోట పడిపోయింది" అంది భర్తతో. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు, ఎవరూ తినమనలేదు.

జువైనా వెళ్ళేముందు పెద్దమ్మ లోపలికి పరిగెత్తి తన జీతం డబ్బు మూట తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది. జువైనా దాన్ని అలాగే తీసి పక్కన పెట్టింది. "నా మనవడు పుట్టిన రోజున నేను వెండి కడియం ఇస్తే నువ్వు తీసుకోలేదు. చేసినదానికి కూలి వద్దన్నావు. ఇది కూడా నువ్వు నా కోసం చేసిందే. దీనికి మాత్రం ఎందుకిస్తున్నావు?" అంది. నేను తెలుగులో చెప్పాక పెద్దమ్మ ఆ మూట మళ్ళీ ముందుకు జరపలేకపోయింది.

మర్నాడు వేలంలో ఆమె తరఫున మేనల్లుడు పాడాడు. ఆ డబ్బుకి సగం వంతు నీళ్ళు దొరికాయి, మిగతా సగం మరిది పాడుకున్నాడు. ఆ సాయంత్రం జువైనా తోటలోకి వెళ్ళింది, వెంట మమ్మల్ని కూడా రమ్మంది. ఒక్కొక్క చెట్టు దగ్గర ఆగి, మొదలు తడిమి, పైకి చూసి, బతకాల్సినదానికి ఖర్జూరపు నారతో ఒక ముడి కట్టింది. కొన్నిటి దగ్గర తొందరగా తేల్చేసింది, కొన్నిటి దగ్గర నిలబడిపోయింది. ముడి కట్టకుండా దాటిపోయినప్పుడల్లా పెద్దమ్మ కళ్ళు మూసుకునేది. చివర్న గోడవార ఒక కుర్ర చెట్టు మిగిలింది, ఇంకా కాపుకి రాలేదు. జువైనా దానికి ముడి కట్టబోయి ఆగి, చేతిలో నార కింద పడేసింది. నీళ్ళు అంతవరకు రావు. పెద్దమ్మ ఆ నార తీసి తనే ముడి వేసింది. "దీనికి నేను పోస్తానని చెప్పవే" అంది నాతో.

ఆ రోజునుంచి బియ్యం కడిగిన నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు, మా స్నానాల నీళ్ళు, అన్నీ బకెట్లలో ఆ చెట్టుకే. నెలాఖరుకి పెదనాన్న కాంట్రాక్టు పొడిగించలేదు. ఆయన ఇంట్లోనే ఉండేవాడు, రెండో బకెట్ ఆయన మోసేవాడు. దారిలో ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు, చాలా నెలలు. గురువారం తోముడు ఆగిపోయింది. పెద్దమ్మ మళ్ళీ చింతపండు ఇత్తడికి వాడింది లేదు, మా గంగాళం నల్లగానే ఉండిపోయింది. విచిత్రమేమిటంటే పెదనాన్న దగ్గరికి తుపాకులు తెచ్చేవాళ్ళు పెరిగారు. నిజ్వా, సూర్ లాంటి దూరపు ఊళ్ళ నుంచి కూడా వచ్చేవాళ్ళు. దొరకి కాదన్నవాడని ఊరంతా తెలిసిపోయింది. ఆ పేరు కూడు పెట్టలేదు. పెద్దమ్మ ఒక్క జీతం మీదే ఆ ఇల్లు నడిచింది. కొన్నేళ్ళకి ఆవిడకి బదిలీ అయితే సమాయిల్ వదిలాం. అప్పటికి ఆ చెట్టు నా ఎత్తు దాటింది.

ఇప్పుడు ధర తెలుసుకోవాలంటే వేలు జరిపితే చాలు, ప్రకాశ్ చేసినట్టు. తప్పు అనను. ఆ ఫోను ఎవరికీ భయపడదు, ఎవరి కాంట్రాక్టు దాని మెడ మీద ఉండదు. కానీ అది చెప్పిన ధర తప్పయితే రాత్రి అన్నం మానేసేవాడు ఎవరూ లేరు. పెదనాన్న చేసింది సరైనదేనా అని అడిగితే ఇన్నేళ్ళ తర్వాత కూడా నేను చెప్పలేను. ఎండిపోయిన చెట్లని నేను కళ్ళారా చూశాను. మట్టలు వాలిపోయి, ఒక్కోదాన్ని మొదలంటా నరికి పొయ్యిలో పెట్టడం చూశాను. ఆయన్ని నేను మనసులో క్షమించడానికి చాలా కాలం పట్టింది. ఆ తర్వాత నేను ఎక్కడ పనిచేసినా, రోగి బంధువులు "భయం లేదు కదా సిస్టర్" అని అడిగితే, ఉన్న భయం ఉన్నంతా చెప్పేదాన్ని. కఠినురాలినని పేరు పడింది. పెదనాన్న ఇంట్లో బతికినదానికి ఇంకో రకంగా చెప్పడం చేతకాలేదు.

పెద్దమ్మ చివరి రోజులు నర్సాపురంలో నా దగ్గరే గడిచాయి. పెదనాన్న అంతకుముందే పోయాడు. మనుషుల్ని గుర్తుపట్టడం తగ్గింది, నన్ను కూడా ఒకోసారి మా అమ్మ అనుకునేది. ఒక మధ్యాహ్నం అన్నం ముద్ద నోట్లో పెడుతుంటే నా చెయ్యి పట్టుకుని, స్పష్టంగా, నన్ను పేరు పెట్టి పిలిచి, "గోడవార చెట్టు ఉందంటావా రూతూ? నీళ్ళు ఎవరు పోస్తున్నారో" అంది. సమాయిల్ వదిలాక నేను మళ్ళీ అటు వెళ్ళలేదు. జువైనా ఉందో లేదో, ఆ తోట ఎవరిదైందో నాకు తెలియదు. "ఉంది పెద్దమ్మా. కాపుకి కూడా వచ్చింది. జువైనాయే పోస్తోంది" అన్నాను. ఆవిడ తృప్తిగా తలూపి ముద్ద మింగింది. చెప్పడానికి నాకు క్షణం కూడా పట్టలేదు.